ఆరోగ్యంగా కనిపించే చేపనే అనుమానించాలి

చేపలను ఒక నీటి నుంచి మరో నీటికి తరలించేటప్పుడు ఎవరైనా ముందు చూసేది అవి బాగున్నాయా లేదా అని. చురుగ్గా ఈదుతున్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి, ఒంటి మీద పుండ్లు లేవు, మేత తీసుకుంటున్నాయి. ఇంకేం, పంపించొచ్చు. కాగితం మీద సంతకం పడుతుంది, ట్యాంకు కదులుతుంది. నా అభ్యంతరం ఈ పరీక్ష మీదే. గడిచిన వందేళ్లలో నాటు మంచినీటి చేపలను దెబ్బతీసిన వలస పరాన్నజీవుల కథలు ఏవి తిరగేసినా, ఆ పురుగును మోసుకొచ్చిన చేప దాదాపు ప్రతిసారీ నిక్షేపంగానే ఉంది. నిక్షేపంగా ఉంది కాబట్టే అంత దూరం ప్రయాణాన్ని తట్టుకుంది, తనిఖీ దాటింది, కొత్త నీళ్లలో దిగి తిరిగింది. జబ్బుపడ్డ చేపయితే దారిలోనే చచ్చేది, లేదా ఎవరో ఒకరి కంటపడి పక్కకు పోయేది.

ఆరల్ సముద్రం అనగానే అందరికీ ఎండిపోయిన నేల, ఇసుకలో కూరుకుపోయిన పడవలు గుర్తొస్తాయి. ఆ విధ్వంసం 1960ల నుంచి మొదలైంది. అంతకు పాతికేళ్ల ముందే అక్కడ ఇంకొకటి జరిగింది, దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. 1930ల తొలి సగంలో కాస్పియన్ సముద్రం నుంచి స్టెల్లేట్ స్టర్జన్ అనే చేపను తెచ్చి ఆరల్‌లో వదిలారు. అక్కడ అప్పటికే షిప్ స్టర్జన్ అనే నాటు రకం ఉంది. ఉప్పు తక్కువైన ఆ నీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కే చేప అది. కొత్త స్టర్జన్లు వస్తూ వస్తూ మొప్పల మీద నిట్‌షియా స్టూరియోనిస్ అనే రక్తం తాగే పురుగును తెచ్చాయి. కాస్పియన్ చేపకూ ఆ పురుగుకూ ఎంతో కాలపు సహవాసం ఉంది, పెద్దగా బాధ లేదు. ఆరల్ చేప దాన్ని ఎన్నడూ ఎరగదు. 1936లో షిప్ స్టర్జన్లు గుంపులు గుంపులుగా చచ్చి తేలాయి. స్టర్జన్ సంపద పెంచాలని చేసిన పని ఉన్న స్టర్జన్‌ను పొట్టన పెట్టుకుంది.

ఇక్కడ జరిగిందేమిటో అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే. ఒక పురుగూ ఒక చేపా వేల తరాలు కలిసి బతికితే ఇద్దరి మధ్యా ఒక రకమైన సర్దుబాటు ఏర్పడుతుంది. మరీ లొంగిపోయే చేపలు ముందే చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. తానుంటున్న చేపను వెంటనే చంపే పురుగు కూడా ఎక్కువ సంతానాన్ని వదలలేదు. అదే పురుగు ఆ చేపకు దూరపు చుట్టమైన మరో జాతి మీదకు ఎక్కితే ఈ సర్దుబాటు ఏదీ ఉండదు. ఒంట్లో చొరబడటానికి కావలసిన పోలికలు ఉంటాయి, ఎదుర్కొనే శక్తి ఉండదు. అందుకే ఈ విపత్తుల్లో ఎక్కువగా జతలు కనిపిస్తాయి. ఒక స్టర్జన్ నుంచి ఇంకో స్టర్జన్‌కు, ఒక ఈల్ (మలుగుపాము) నుంచి ఇంకో ఈల్‌కు. సాల్మన్ల విషయంలో రెండో జాతి కూడా అక్కర్లేకపోయింది. ఒకే జాతిలో రెండు తీరాల సంతతులు చాలు.

ఆ సాల్మన్ల కథే అన్నిటికంటే వివరంగా నమోదైంది. పురుగు పేరు గైరోడాక్టిలస్ సలారిస్. పొడవు అర మిల్లీమీటరు. మైక్రోస్కోపు కింద పెడితే అదొక చిన్న పారదర్శకమైన సంచిలా ఉంటుంది. వెనక కొసన చక్రంలాంటి ఒక పట్టు, దాని అంచు చుట్టూ 16 బుల్లి కొక్కేలు, నడుమ రెండు పెద్ద కొక్కేలు. వాటితో చేప చర్మానికి, రెక్కలకు అంటిపెట్టుకుని, తల వంచి పైచర్మాన్ని గీరి తింటుంది. ఆశ్చర్యమంతా దాని కడుపులో ఉంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లను కంటుంది. ఆ పిల్ల పుట్టేనాటికే దాని కడుపులో ఇంకో పిల్ల పెరుగుతూ ఉంటుంది. బొమ్మలో బొమ్మ, ఆ బొమ్మలో మరో బొమ్మ. పుట్టిన పిల్ల దాదాపు తల్లి అంతే ఉంటుంది, కొద్ది రోజుల్లోనే తనూ కనేస్తుంది. జత కూడా అవసరం లేదు. ఒక్క పురుగు ఒక్క చేప మీదకు చేరితే చాలు, ఆ చేప మీద వేల సంఖ్యకు పెరిగిపోతుంది. చర్మం నిండా చిల్లులు పడిన సాల్మన్ పిల్ల ఒంట్లో లవణాలు నిలుపుకోలేదు, ఆ గాయాల మీద బూజు పడుతుంది, చస్తుంది.

బాల్టిక్ సముద్రంలో కలిసే నదుల్లోని సాల్మన్లలో చాలావాటికి ఈ పురుగు పాత చుట్టమే. ఒంటి మీద కొన్ని ఉంటాయి, చేప తన బతుకు తాను బతుకుతుంది. అట్లాంటిక్ వైపు నార్వే నదుల్లోని సాల్మన్లకు ఆ తర్ఫీదు లేదు. స్వీడన్‌లోని బాల్టిక్ వైపు హేచరీల నుంచి నార్వేకు బతికున్న సాల్మన్ పిల్లలను తెచ్చారు. 1975లో అక్కడ ఈ పురుగు తొలిసారి కంటపడింది. పురుగు అంటిన హేచరీల నుంచి పిల్లలను నదుల్లో వదిలారు. ఒక నది నోటి నుంచి పక్క నది నోటికి, ఉప్పు పలచబడిన సముద్రపు పాయల గుండా, చేపల ఒంటి మీద అది పాకింది. మొత్తం మీద 50 నదుల దాకా చేరింది. చేరిన నదుల్లో సాల్మన్ పిల్లలు చాలా చోట్ల ఐదో వంతుకూ తక్కువకు పడిపోయాయి. రెయిన్‌బో ట్రౌట్ చేప ఒంటి మీద కూడా ఈ పురుగు హాయిగా బతుకుతుంది, ఆ చేపకు ఏమీ కాదు. అలాంటి చేప ట్రౌట్ ఫారం నుంచి బయలుదేరితే ఏ కంటి పరీక్ష ఆపుతుంది?

తర్వాత దాన్ని వదిలించుకోవడానికి చేసిన పని గురించి చదువుతుంటే నాకు గుండె బరువెక్కుతుంది. రోటినోన్ అనేది డెర్రిస్ వంటి మొక్కల వేళ్ల నుంచి తీసే విషం. చేప కణాలు ప్రాణవాయువును వాడుకోకుండా చేస్తుంది. పురుగు చేప లేకుండా ఎక్కువ రోజులు బతకలేదు కాబట్టి, నదిలో చేప అన్నదే లేకుండా చేస్తే పురుగూ పోతుంది. అదీ లెక్క. పై నుంచి కింది దాకా, ఉపనదులతో, ఊటలతో, పక్క గుంటలతో సహా నది మొత్తానికి విషం పెట్టారు. దానికి ముందు ఆ నది సాల్మన్ వంశాన్ని జీన్ బ్యాంకులో దాచారు. శుద్ధి చేసిన గుడ్లను మాత్రమే లోపలికి రానిచ్చి, అక్కడ తరాలు పెంచి, నది శుభ్రమయ్యాక తిరిగి వదిలారు. విషం పెట్టాక కనీసం ఐదేళ్లు కాపలా కాస్తేగానీ నదికి విముక్తి ప్రకటించరు. వెఫ్స్నా నదిలో 1978లో పురుగు దొరికింది, 2011, 2012లో విషం పెట్టారు, 2017లో పురుగు లేదని ప్రకటించారు. లార్దాల్ నదిలో విషానికి బదులు ఆమ్లీకరించిన అల్యూమినియం వాడారు, అది చేపను వదిలి పురుగును చంపుతుంది. ఇంతటి పట్టుదల చూపిన నార్వే వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఇంత డబ్బు, ఇంత శాస్త్రం, ఇంత ఓపిక ఎన్ని దేశాలకు ఉంటాయి? సాల్మన్‌కు పేరుంది, దాని వెనక జనం ఉన్నారు. వేలెడంత పొడవున్న, ఎవరికీ పేరు తెలియని ఒక నాటు చేపకు ఇదే గతి పడితే దాని కోసం నది మొత్తాన్ని ఎవరు బాగుచేస్తారు?

పైగా నార్వే పురుగు చేప ఒంటి మీద ఉంది, మంచినీటిలోనే బతుకుతుంది, ముదురు ఉప్పునీటిలో చచ్చిపోతుంది. వేటాడటానికి వీలుంది. మలుగుపాముల్లో దూరిన ఆంగ్విల్లికోలా క్రాసస్ విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. ఇది జపాన్ ఈల్‌కు చెందిన పురుగు. తూర్పు ఆసియా నుంచి బతికున్న ఈల్ చేపల వ్యాపారంతో యూరప్ చేరింది, 1982లో జర్మనీలో బయటపడింది. రెండు దశాబ్దాలు తిరగకుండానే యూరప్ నదుల్లో అది లేని చోటు అరుదైపోయింది. దీని పిల్ల పురుగులను కోపిపాడ్ అనే నలకంత జలజీవులు మింగుతాయి, వాటిని ఈల్ తింటుంది. పేగు గోడను తొలుచుకుని పురుగు గాలితిత్తికి చేరుతుంది. జపాన్ ఈల్ శరీరం చాలా పిల్ల పురుగులను దారిలోనే చుట్టుముట్టి చంపేస్తుంది. యూరప్ ఈల్‌కు ఆ విద్య అంతగా రాదు. పురుగు పట్టిన ఈల్ గాలితిత్తి తెరిస్తే, పలచగా మెరుస్తూ ఉండవలసిన పొర మందంగా, మచ్చలుమచ్చలుగా గట్టిపడి ఉంటుంది. లోపల రక్తం తాగి నల్లబారిన లావుపాటి పురుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. గాలి నిలవాల్సిన చోటంతా అవే.

అయినా ఆ ఈల్ నదిలో బాగానే తిరుగుతుంది. తింటుంది, పెరుగుతుంది. లోతు లేని నీళ్లలో గాలితిత్తి సరిగ్గా లేకపోయినా నడిచిపోతుంది. అసలు పరీక్ష తర్వాత వస్తుంది. యూరప్ ఈల్ జీవితంలో ఒక్కసారే గుడ్లు పెడుతుంది, అందుకోసం అట్లాంటిక్ మహాసముద్రంలోని సార్గాసో సముద్రం దాకా 5,000 కిలోమీటర్లకు పైగా ఈదాలి. దారిలో తిండి తినదు. పగలు వందల మీటర్ల లోతుకు దిగుతుంది, రాత్రి పైకి వస్తుంది. రోజూ ఇంత ఎత్తుపల్లాల ప్రయాణంలో ఒంటిని తేల్చి ఉంచేది ఆ గాలితిత్తే. గట్టిపడిన తిత్తితో, రక్తం పోయిన ఒంటితో బయలుదేరినవి ఎన్ని గమ్యం చేరుతున్నాయో లెక్కపెట్టే మనిషి అక్కడ లేడు. ఈ ఈల్‌ను 2008లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. ఆనకట్టలు, వేట, కాలుష్యం, అన్నీ దాని మీద పడ్డాయి. తప్పంతా పురుగుదే అని నేననను. కానీ మిగతావాటిని చట్టంతో తగ్గించవచ్చు, ఆనకట్టకు మెట్లు కట్టవచ్చు. కోపిపాడ్‌లలోకి ఎక్కిన పురుగును ఒక ఖండం నీళ్ల నుంచి తీసేయడం మన చేతుల్లో లేదు.

ఇక్కడ ఒక ఎదురువాదం వినిపిస్తుంటుంది, దానికి జవాబు చెప్పాలి. కొత్త చోటుకి వచ్చిన జంతువులు తమ పరాన్నజీవుల్లో చాలావాటిని వెనకే వదిలేసి వస్తాయని పరిశోధనల్లో తేలింది. సొంతగడ్డ మీద ఉన్నవాటిలో సగం రకాలు కూడా కొత్త చోట కనిపించవు. నిజమే. దాన్ని పట్టుకుని, భయం అనవసరం, దారిలోనే వడపోత జరిగిపోతోంది అంటారు. ఆ వడపోతలో ఏవి జారి కిందకు వస్తున్నాయో చూడాలి కదా. నత్త, చేప, పక్షి అని మూడు మజిలీలు కావలసిన పురుగుకు ప్రయాణం కష్టం, కొత్త చోట ఆ నత్త దొరకకపోవచ్చు. మధ్యలో ఎవరూ అక్కర్లేకుండా చేప నుంచి చేపకు నేరుగా దూకేది హాయిగా దాటేస్తుంది. మధ్య మజిలీ ప్రపంచమంతా దొరికే జీవి అయినా అంతే. నిట్‌షియా, గైరోడాక్టిలస్ మొదటి రకం. ఈల్ పురుగు రెండో రకం, కోపిపాడ్‌లు లేని చెరువు ఎక్కడుంది? దారిలో రాలిపోయేవి సున్నితమైన పురుగులు. దేన్నయినా తట్టుకుని, ఎక్కడైనా పెరిగేవి మన దాకా వస్తున్నాయి. వడపోత మనకు మేలు చేస్తోందనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

రెండో రకానికి ట్రౌట్లలో వచ్చే గిరగిర తిరిగే జబ్బు ఇంకా పెద్ద ఉదాహరణ. మిక్సోబోలస్ సెరెబ్రాలిస్ అనే సూక్ష్మజీవి పిల్ల చేపల మెత్తటి ఎముకను తింటుంది. చేప తోక నల్లబడుతుంది, తన చుట్టూ తానే తిరుగుతుంది. యూరప్ బ్రౌన్ ట్రౌట్‌కు ఇది పాతదే, పట్టించుకోదు. 1893లో జర్మనీలో, అమెరికా నుంచి తెచ్చి పెంచుతున్న రెయిన్‌బో ట్రౌట్లలో ఈ జబ్బును గుర్తించారు. 1950ల చివరికి అది అమెరికాలోనే తేలింది. చేపల చెరువుల్లో ఇది ఎలా పాకుతోందో దశాబ్దాల పాటు అంతుబట్టలేదు. చేప నుంచి చేపకు అంటించాలని చూస్తే అంటేది కాదు. 1984లో వుల్ఫ్, మార్కీవ్ అనే శాస్త్రవేత్తలు అసలు సంగతి పట్టుకున్నారు. చచ్చిన చేప నుంచి బురదలో పడిన బీజాలను ట్యూబిఫెక్స్ అనే ఎర్ర పురుగు తింటుంది, దాని పేగులో ఆ జీవి రూపమే మారిపోయి, మూడు కొమ్ముల లంగరులా నీళ్లలోకి తేలి వస్తుంది, తగిలిన చేప చర్మంలోకి దూరుతుంది. అప్పటిదాకా ఈ రెండు రూపాలనూ రెండు వేర్వేరు వర్గాల జీవులుగా పుస్తకాల్లో రాసుకున్నారు. ట్యూబిఫెక్స్ లేని బురద అరుదు కాబట్టి ఈ జీవికి ఎక్కడ దిగినా ఇల్లు సిద్ధం. 1998లో ఎల్లోస్టోన్ సరస్సు కట్‌థ్రోట్ ట్రౌట్లలో కూడా కనిపించింది. ఆ సరస్సులో బయటి నుంచి వచ్చిన లేక్ ట్రౌట్ అప్పటికే కట్‌థ్రోట్‌లను మింగేస్తోంది, దానికి ఇది తోడైంది.

ఆసియా బద్దెపురుగు గురించి కొంచెమే చెబుతాను. 1934లో జపాన్‌లో వర్ణించిన ఈ పురుగు, నీటి కలుపు తినడానికని దేశదేశాలు తెప్పించుకున్న గడ్డిచేపతో కలిసి ప్రపంచం చుట్టింది. 200కు పైగా చేప జాతుల్లో దొరికింది. 1990లో అమెరికాలో, గ్రాండ్ కాన్యన్‌లోని హంప్‌బ్యాక్ చబ్ అనే చేప కడుపులో కనిపించింది. ప్రపంచంలో మరెక్కడా లేని, కొలరాడో నదీ వ్యవస్థకే సొంతమైన చేప అది. హవాయిలో దోమల కోసం వదిలిన గప్పీల వంటి చిన్న చేపలతో కమల్లానస్ కోట్టి అనే పురుగు వచ్చి, అక్కడి వాగుల్లోని నాటు చేపల్లో దూరింది.

నా కళ్లతో నేను చూసినది చాలా చిన్న విషయం. అక్వేరియం కోసం తెచ్చుకున్న గోల్డ్‌ఫిష్‌ను ఒక మిత్రుడు చూపించాడు. దిట్టంగా ఉంది, మేత వేస్తే ఎగబడి తింటోంది. రెక్క మొదట్లో నూలుపోగులాంటిది వేలాడుతుంటే, చెత్త అంటుకుందేమో అన్నాడు. భూతద్దం పెట్టి చూస్తే ఆ పోగు కొసన రెండు సన్నటి సంచులు, వాటి నిండా గుడ్లు. అది యాంకర్ వార్మ్, లెర్నియా. ఆడపురుగు తల చేప కండలో లంగరులా కొమ్ములు చాచి పాతుకుని ఉంటుంది, బయటకు కనిపించేది దాని ఒళ్లు మాత్రమే. మగది జతకట్టాక చచ్చిపోతుంది. గోల్డ్‌ఫిష్, కార్ప్ చేపలతో ఇది ఖండాలన్నీ తిరిగింది, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో నాటు చేపలకు పట్టింది. ఆ చేపను ఎవరైనా విసుగొచ్చి కాలవలో వదిలేస్తే ఒక గుడ్ల సంచి చాలు. పోగు కంటికి కనిపించే దశ చివరిది. అంతకు ముందు దశల్లో అది మొప్పల మీద ఉంటుంది, ఏ కొనుగోలుదారూ చూడలేడు.

చేప అవసరం కూడా లేదు, నీళ్లు చాలు. 1960ల ప్రాంతంలో చైనా కార్ప్ పిల్లల మధ్య కలిసిపోయి టాప్‌మౌత్ గడ్జన్ అనే చిన్న చేప రొమేనియా చేరింది. ఎవరూ దాన్ని కోరి తెచ్చుకోలేదు. తర్వాత యూరప్ అంతా వ్యాపించింది. దానికి ఏ జబ్బూ లేదు. కానీ దాని ఒంట్లో స్ఫెరోథీకమ్ డెస్ట్రూయెన్స్ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉంది. 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, గడ్జన్ ఉండి వెళ్లిన నీటిలో సన్‌బ్లీక్ అనే యూరప్ నాటు చేపను ఉంచారు. సన్‌బ్లీక్ గుడ్లు పెట్టడం మానేసింది, చాలావరకు చచ్చిపోయింది. చేపకు తనిఖీ చేసి, ట్యాంకు నీళ్లను కాలవలో ఒంపేసే చోట ఆ తనిఖీకి విలువేమిటి?

ప్రకృతే సర్దుకుంటుంది అని ఓదార్చేవాళ్లున్నారు. బాల్టిక్ సాల్మన్ సర్దుకుంది కదా అంటారు. ఎన్ని వేల తరాల్లో? ఎన్ని చచ్చాక? పెద్ద సంతతి ఉన్నప్పుడు తట్టుకునే కొద్ది చేపలు మిగిలి వంశం నిలబెడతాయి. ఆనకట్టలతో ముక్కలైన నదిలో, ఒకటి రెండు వాగులకే పరిమితమైన జాతికి ఆ అవకాశం లేదు. చేపల పెంపకంతో లక్షల మంది బతుకుతున్నారు, ఇలాంటి ఆంక్షలు వాళ్ల పొట్ట కొడతాయి అనే మాట ఇంకా బరువైనది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఈ పురుగులు పెంపకం చెరువులను వదిలిపెట్టవు. ఆసియాలోని ఫారాలకు తీసుకెళ్లిన యూరప్ ఈల్‌లు అక్కడి గాలితిత్తి పురుగుకు బలయ్యాయి. గిరగిర జబ్బు ముందు హేచరీలనే ముంచింది. చేపల రైతు, నాటు చేప ఇక్కడ ఒకే వైపు ఉన్నారు.

ఇంకో మాట. పరాన్నజీవులన్నిటినీ తుడిచేయాలని నేను కోరుకోవడం లేదు. ప్రతి నాటు చేపకూ తన సొంత పురుగులు ఉంటాయి, వాటికీ ఆ నీళ్లలో హక్కుంది. చేప అంతరిస్తే దానితో పాటు అవీ పోతాయి, వాటి కోసం ఎవరూ బాధపడరు. నా కోపం వాటిని లారీలు, విమానాలు ఎక్కించే అలవాటు మీద.

ఏం చేయాలన్నది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బతికున్న చేపకు బదులు శుద్ధి చేసిన గుడ్లను తరలించడం, ఆ నది చేప నుంచే ఆ నదికి పిల్లలు తీయడం, వలలూ బూట్లూ పడవలూ ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్లే ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టడం, బతికున్న ఎరను, అక్వేరియం చేపను బయటి నీళ్లలో వదలకపోవడం. క్వారంటైన్ అంటే చేపలు చస్తాయేమో అని రెండు వారాలు ఎదురుచూడటం కాదు. కొన్నిటిని కోసి మొప్పలు, చర్మం, పేగు, గాలితిత్తి మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ ఖర్చు చేపను తెప్పించుకునేవాడే భరించాలి, ఎందుకంటే ఇప్పుడు భరిస్తున్నది నది. గైరోడాక్టిలస్ సలారిస్ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉంది, అది మంచిదే. కానీ జాబితాలు నిన్నటి పురుగుల పేర్లే చెబుతాయి. స్ఫెరోథీకమ్ గడ్జన్‌తో పాటు దశాబ్దాలు తిరిగాక గానీ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అందుకే తెలిసిన పురుగు లేదు అన్న కాగితం నాకు చాలదు. ఈ చేప ఏ నీటిలో పుట్టింది, ఏ చేపలతో కలిసి పెరిగింది, ఎన్ని ట్యాంకులు మారింది అన్నది ఆ కాగితం మీద ఉండాలి.

హంప్‌బ్యాక్ చబ్ విషయంలో అమెరికా వాళ్లు చేసినది నాకు నచ్చింది. ఆ చేపను ఒకే చోట ఉంచితే ప్రమాదమని, లిటిల్ కొలరాడో నది నుంచి పట్టి గ్రాండ్ కాన్యన్‌లోని వేరే వాగుల్లోకి మార్చారు. అది కూడా తరలింపే, అదీ మంచి ఉద్దేశంతోనే. కానీ వదిలే ముందు వాటిని హేచరీలో ఆపి, బద్దెపురుగు పోవడానికి మందు పట్టించారు. ఏ చేపలో పురుగు ఉందో, ఏ చేపలో లేదో బయటికి తెలియదు కాబట్టి అన్నిటికీ పట్టించారు.